సానరాయికి దణ్ణం

నీలవేణికి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. కొడుకు వేళ్లు తెగిపోతాయని.

పామంటే భయం లేదు. చీకటంటే లేదు. అత్తగారంటే కాపురానికొచ్చిన కొత్తలో కొంచెం ఉండేది, అదీ పోయింది. పిల్లవాడి వేళ్ల సంగతి మాత్రం అలా కాదు. ఏడాదిన్నర కూర్మనాథానికి పొద్దున్నే నీళ్లు పోసేటప్పుడు గుప్పెళ్లు విప్పి, ఒక్కో వేలూ రుద్ది, అన్నీ ఉన్నాయని తేలాక గాని తువ్వాలు అందుకునేది కాదు. ఐదో క్లాసులో బడి మాన్పించేశారు గాని లెక్కల్లో చురుకైన పిల్లని పంతులుగారు అనేవారట. ఆ చదువు ఇప్పుడిలా అక్కరకొచ్చిందని అత్త నారాయణమ్మ వేళాకోళం.

“అన్నీ ఉన్నాయేటే? రాతిరి ఎలకలు ఒకటి ఎత్తుకుపోనేదు గద.”

“ఉన్నాయత్తా.”

“వడ్రంగోడింటికి కోడలై ఒచ్చి ఉలికి జడిస్తే ఎలగే? సేపలోలింట్లో పుట్టి నీసు గిట్టదన్నట్టు.”

నీలవేణి నవ్వేది గాని భయం నవ్వితే పోయేది కాదు. మొగుడు జగన్నాధం వడ్రంగి. ఇంటి పక్కనే పనిపాక. అందులో ఉలులు, బాడిస, రంపాలు, చిత్రిక. అతను మంచివాడే. పెళ్లాం పోరు పడలేక పనిముట్లన్నీ చూరుకి ఎత్తుగా మేకులు కొట్టి తగిలించాడు. కూర్మనాథం నడక నేర్చినప్పటినించీ పాక గడపకి అడ్డంగా చెక్క కూడా పెట్టాడు. అయినా ఆమె కూర వండుతున్నా, నీళ్లు తోడుతున్నా, చెవి మాత్రం పాక వైపే ఉండేది.

అలాంటి ఇంట్లోకి సానచక్రం వచ్చింది.

అది రావడానికి కారణం జోగయ్య. కోటబొమ్మాళి చుట్టుపక్కల ఊళ్లలో కత్తికీ కొడవలికీ పదును కావాలంటే జోగయ్య కొలిమే దిక్కు. ముసలితనంలో ఉబ్బసం పట్టుకుంది. తిత్తి ఊదితే ఊపిరాడక వంగిపోయేవాడు. కొలిమి ఆర్పేశాడు. పెళ్లాం పోయింది, ఒక్కగానొక్క కూతురు దానమ్మ భావనపాడులో కాపురం. పనీపాటూ లేక పొద్దెక్కగానే వచ్చి జగన్నాధం పాకలో దుంగ మీద కూర్చునేవాడు. కోతలు దగ్గరకొచ్చేసరికి జనం మొద్దుబారిన కొడవళ్లు పట్టుకుని అక్కడికే వచ్చి, “మా కొడవళ్లకి దారేటి జోగన్నా?” అని అడిగేవారు. ముసలాయన నేలకేసి చూసేవాడు.

“మనమే ఒక సాన నిలబెడితే?” అన్నాడు జగన్నాధం ఒకరోజు. “నువ్వు సెప్పు. నాను సేస్తాను. తిత్తి ఊదక్కర్నేదు, నిప్పక్కర్నేదు.”

జోగయ్య నేల మీంచి చూపు ఎత్తాడు. “రాయి కావాల,” అన్నాడు.

రాయి నెల్లిమర్లలో దొరికింది. అక్కడెవరింటికో తలుపులు చెయ్యడానికి వెళ్లిన జగన్నాధం, పాత ఇనప సామాన్ల కొట్టులో మూల పడి ఉన్న ఇసకరాతి చక్రాన్ని చూశాడు. అరిగి అరిగి అన్నం తినే కంచమంత అయింది. అంచున ఒకచోట పెచ్చు లేచిపోయింది. దానితో పాటు మిల్లు యంత్రానికి వాడి పారేసిన తోలుపట్టీ ముక్క కూడా తెచ్చాడు. గోనెసంచిలో చుట్టి ఒళ్లో పెట్టుకుని పాసింజరు రైల్లో కూర్చుంటే ఎదుటాయన అడిగాడట, “ఇగ్రహమేటి బాబూ?” అని. అవునంటే కాళ్లు చాపకుండా ఉంటారని అవునన్నాడట. ఆ ఎదుటాయన దిగేటప్పుడు సంచికి దణ్ణం కూడా పెట్టాడట. ఈ కబురు చెప్పుకుని ఇంటిల్లిపాదీ నవ్వారు.

ఆ తరవాత ఒక్కొక్కటీ వచ్చి చేరాయి. వంశధార వరదలో కొట్టుకొచ్చి ఎవరి కంచెలోనో చిక్కుకున్న సైకిలు. చక్రాలు లేవు, చట్రం వంకర, పెడళ్లూ గొలుసూ ఫ్రీవీలూ మాత్రం బాగున్నాయి. రైలు కట్ట పక్కన పాతవి తీసేసి అమ్మినప్పుడు కొన్న స్లీపరు దుంగలు. అడుగున మేకుతో చిల్లి పొడిచిన డాల్డా డబ్బా.

“ఊరు పారేసిందంతా మా ఓడు ఏరుకొస్తాడు,” అంది నారాయణమ్మ చుట్ట ముట్టించుకుంటూ. “ఈ కోడల్నీ అలగే తెచ్చేడు.”

“ఏరుకొచ్చింది మల్లీ పారేయనేరు గదత్తా,” అంది నీలవేణి బియ్యం చెరుగుతూ.

“సూసేవా, నోరు,” అంది నారాయణమ్మ, మురిసిపోతూ.

దుంగలు నాలుగూ నేలలో పాతి, మీద సైకిలు చట్రం బిగించారు. జగన్నాధం సీటు మీద కూర్చుని తొక్కితే గొలుసు తిరిగి, ఎదురుగా ఇరుసుకి లక్కతో, చెక్క మేకులతో బిగించిన రాయి తిరగాలి. పైన వేలాడే డాల్డా డబ్బాలోంచి నీటిబొట్లు రాయి మీద పడాలి. తోలుపట్టీని చెక్కకి మేకులు కొట్టి పక్కన నిలబెట్టారు, ఉలి అంచు చివర్న దిద్దుకోవడానికి.

మొదటిసారి తొక్కినప్పుడు పాకంతా దడదడలాడిపోయింది. అంచు పెచ్చు లేచిన రాయి కదా, ఒకవైపు బరువు. జోగయ్య దుంగ మీంచి లేచాడు. రాయిని మెల్లగా తిప్పి వదిలేశాడు. అది ఊగి ఊగి ఆగింది. కిందికొచ్చిన చోట బొగ్గుతో గీత పెట్టాడు. “ఇక్కడ సెక్కు,” అన్నాడు. జగన్నాధం చెక్కాడు. మళ్లీ తిప్పాడు, మళ్లీ గీత. అన్నాలవేళ దాటిపోయింది, ఇద్దరికీ గుర్తే లేదు. చివరికి రాయిని ఎక్కడ ఆపితే అక్కడే నిలబడింది. ఇరుసుకి ఆముదం పోసి తొక్కితే చడీచప్పుడూ లేదు.

“సూడు నీలా,” అని పిలిచాడు జగన్నాధం. “సడి ఉన్నాదేటి?”

ఆమె పిల్లవాణ్ణి చంకనేసుకుని గుమ్మంలో నిలబడి చూసింది. తడి రాయి నున్నగా మెరుస్తోంది. చూస్తూ ఉంటే అసలు తిరుగుతోందా ఆగిందా తెలియడం లేదు. జగన్నాధం కాళ్లు పెడళ్ల మీంచి తీసేసి దిగి పక్కకి వచ్చాడు. రాయి అలాగే ఉంది. ఆమె ఒక చీపురుపుల్ల తీసి దాని మీదకి చాచింది. పుల్ల ఎగిరి గోడకి తగిలింది.

“నువ్వు దిగిపోయేవు గద, ఇదింకా తిరుగుతాదేటి?”

“సైకిలు పెడళ్లాపితే సక్రం ఆగిపోద్దా? ఇదీ అంతే. అదే దీని గొప్ప.”

“సడి నేకపోతే ఇది తిరుగుతన్నాదో ఆగిందో నాకెలా తెలుస్తాది మావా?”

“సూస్తే తెలుస్తాది.”

“పొయ్యికాడ కూకున్నోలకి?”

జగన్నాధం ముఖం చిన్నబోయింది. ఇంత కష్టపడి చడి లేకుండా చేసింది చూపిస్తే, చడి కావాలంటుందేమిటి? “నీకు బయం తప్ప ఇంకేటీ కనబడదు,” అన్నాడు.

“కనబడదు,” అంది నీలవేణి. “సక్రం నేకుండా బతకగలం మావా. ఈడికేటైనా అయితే నాను బతకనేను. నువ్వు సడి ఎట్టకపోతే ఈణ్ణెత్తుకుని మాయమ్మ కాడికి పోతాను.”

అంత మాట ఆమె ఎప్పుడూ అనలేదు. నారాయణమ్మ చుట్ట నోట్లోంచి తీసింది. జోగయ్యే లేచి, పాక కప్పులోంచి తాటాకు ముక్క ఒకటి లాగి, మడిచి, రాయి పక్కన పొడుచుకొచ్చిన చెక్క మేకులకి తగిలేలా దుంగకి కట్టాడు. చక్రం తిప్పాడు. టకటకటకమని మోగింది.

“పిల్ల సెప్పింది నిజమే,” అన్నాడు. “కొలిమైతే ఎర్రగా కనబడతాది, కుర్రోడు జడుసుకుంటాడు. ఇది కనబడని నిప్పు.”

“పెల్లికూతురి కాలికి గజ్జెలు కడతాననుకున్నాను,” అన్నాడు జగన్నాధం, “కుక్క మెడకి డబ్బా కట్టినట్టయింది.” కాని విప్పలేదు.

అలా నీలవేణికి ఒక పద్ధతి దొరికింది. ఆకు మోగితే పిల్లవాడు చంకలో ఉండాలి. ఆకు ఆగితే దింపొచ్చు. ఆమె చెవికి ఆ టకటక ఎంత అలవాటైందంటే, కూర తిరగమోత చిటపటల్లో కూడా అది విడిగా వినిపించేది. ఊళ్లో నుంచి కత్తిపీటలు, గొడ్డళ్లు రావడం మొదలైంది. జగన్నాధం చక్రం మీద కొడవలి వెనక వైపు పలచన చేస్తే, జోగయ్య ఆకురాయితో రాకి అంచుకి పళ్లు తీసేవాడు. ఆ ముసలాయన ముఖంలోకి మళ్లీ కళ వచ్చింది. మాటలు కూడా వచ్చాయి.

“నీ మొగుడు తొక్కుతాడు, నాను పల్లు తోముతాను,” అనేవాడు కొడవలి ఎత్తి చూపిస్తూ. “ఊరందరికీ పల్లు తోమేను, నా నోట్లో ఒక్కటీ మిగల్నేదు.”

కూర్మనాథానికి ఆయనంటే ఎంతో ఇష్టం. ఆయన పంచె చెంగు పట్టుకుని వేలాడేవాడు.

దసరా వచ్చింది. ఆ రోజు పనిముట్టు ముట్టుకోకూడదు, పూజ చెయ్యాలి. ముందురోజే జగన్నాధం పాకంతా ఊడ్చి, ఉలులూ బాడిసా కడిగి వరసగా పెట్టాడు. సానచక్రాన్ని కొబ్బరిపీచుతో తోమాడు. నీటికి నాని చీలికలైపోయిన తాటాకు ముక్క విప్పి పారేశాడు, పూజ దగ్గర ఆ పాచి ఏమిటని. పండగ వెళ్లాక కొత్తది కట్టొచ్చు అనుకున్నాడు.

నీలవేణి తలంటుకుని వచ్చి రాయికి పసుపు రాసి బొట్లు పెట్టింది. బంతిపూల దండ వేసింది. జోగయ్య కొబ్బరికాయ కొట్టాడు. ఎవరి వంతుకు వాళ్లు వచ్చి రాయిని చేత్తో తాకి కళ్లకద్దుకున్నారు. నీలవేణి వంతు వచ్చినప్పుడు కొడుకుని ముందు నిలబెట్టింది. కదలకుండా, పూలు వేసుకుని, పసుపు పూసుకుని కూర్చున్న ఆ రాయి ఆమెకి ఆ పూట నిజంగా దేవుడిలాగే ఉంది. ఎప్పుడూ లేనిది, మనసు తేలికపడింది. వాడి కుడిచెయ్యి పట్టుకుని అరచెయ్యి రాయి మీద ఆన్చింది. ఆ చెయ్యి వాడి కళ్లకి అద్దింది.

“జేజి నాన్నా. జేజికి దన్నం ఎట్టు. నా బాబుని సల్లగా సూడు తండ్రీ, అను.”

వాడు తనంతట తానే మళ్లీ చేశాడు. అరచెయ్యి రాయికి, అక్కణ్ణుంచి కళ్లకి. నారాయణమ్మ మెటికలు విరిచింది. “ఓలమ్మ, ఎంత బుద్ది నా తండ్రికి. ఏదీ, ఇంకోపాలి.” ఇంకోసారి. పక్కింటి లక్ష్మణమ్మ వస్తే ఆమె ముందు, ఆమె తోడికోడలు వస్తే ఆవిడ ముందు. సాయంత్రం దాకా అదే ఆట. చేసిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఎత్తి ముద్దు పెట్టుకున్నారు. కొబ్బరిముక్క పెట్టారు.

మర్నాడు పొద్దున్నే కొడవళ్లు పట్టుకుని జనం వచ్చేశారు. చేలు పసుపు తిరుగుతున్నాయి, ఎవరి తొందర వాళ్లది. జగన్నాధం పూలదండ తీసి పక్కన పెట్టి తొక్కడం మొదలుపెట్టాడు. కొత్త ఆకు కట్టాలన్న మాట ఆ హడావిడిలో ఎవరికీ తట్టలేదు. జోగయ్య చక్రానికి అవతల, దుంగ మీద కూర్చుని పళ్లు తీస్తున్నాడు. లోపలికీ బయటికీ జనం తిరుగుతున్నారని గడపకి అడ్డంగా ఉండే చెక్క కూడా తీసేశారు.

నీలవేణి పెరట్లో గిన్నెలు తోమబోతోంది. చెవి పాక వైపే ఉంది. టకటక లేదు. ఇంకా మొదలుపెట్టలేదు కాబోలు అనుకుంది. చంకలో బరువుగా ఉన్న కొడుకుని కిందికి దింపింది.

లక్ష్మణమ్మ తన కొడవలి అందుకుని, అంచు చూసి, “ఇదేటి మరిదీ, పీకలు కొయ్యమన్నానా, సేను కొయ్యమన్నానా?” అని ఆటపట్టించింది. జగన్నాధం నవ్వుతూ దిగి, ఎలా పట్టుకోవాలో చూపించడానికి ఆమెతో పాటు వాకిట్లోకి నడిచాడు. రాయి మాత్రం తిరుగుతోంది. నిన్నటి పసుపు ఇంకా పూర్తిగా వదలని రాయి. డబ్బా నీళ్లకి తడిసి, నున్నగా, పచ్చగా, కదలనట్టే ఉంది.

నీలవేణి గిన్నెలు ఎత్తుకుని మలుపు తిరిగేసరికి కొడుకు పాకలో ఉన్నాడు. చక్రం ముందు నిలబడి ఉన్నాడు. పొట్ట ముందుకి పెట్టి, తల కొంచెం వంచి, కుడిచెయ్యి చాపాడు. అరచెయ్యి విప్పి, వేళ్లన్నీ విడదీసి. నిన్న ఆమె నేర్పినట్టే.

ఆమె చేతులు చాపి పరుగెత్తింది.   గిన్నెలు కింద పడ్డ చప్పుడుకి జోగయ్య తలెత్తాడు.

పిల్లవాడు చక్రానికి అటువైపు, ఆయన ఇటువైపు. చుట్టూ తిరిగి వెళ్లే వేళ కాదు. ఆయన కూర్చున్న చోటినుంచే ముందుకి పడి తన కుడి అరచెయ్యి రాయి మీద వేసి అదిమేశాడు. చర్మం రాసుకున్న చప్పుడు నీలవేణికి వినిపించింది. రాయి మూలిగినట్టు ఒక్క గుంజు గుంజి ఆగిపోయింది.

ఆగిన రాయి మీద కూర్మనాథం చెయ్యి ఆన్చాడు. కళ్లకద్దుకున్నాడు. ఎవరైనా ముద్దు పెడతారేమోనని వెనక్కి తిరిగి చూశాడు.

నీలవేణి వాణ్ణి ఎత్తుకుని, గుప్పెళ్లు విప్పి వేళ్లు చూసుకుంది. జగన్నాధం పరుగెత్తుకొచ్చాడు. జోగయ్య తువ్వాలు చేతికి చుట్టుకుంటున్నాడు. చుట్టిన మేరా ఎర్రగా తడిసిపోతోంది.

“ఏటి అలాగ సూస్తారు?” అన్నాడు, ఊపిరి అందక ఆగి ఆగి. “మీ ఓడు దన్నం ఎట్టేడు. దేవుడు ఆగేడు. అంతే.”

అరచేతి మీద చర్మం లేదు. నీలవేణి పసుపూ నెయ్యీ కలిపి పెట్టబోతే, ఆయన అటు తిరిగి పెదవి కొరుక్కున్నాడు గాని అయ్యో అనలేదు. టెక్కలి ఆసుపత్రికి పోదామంటే, “నిప్పులో ముంచి ఎత్తిన సేతులివి,” అని కొట్టిపారేశాడు. నారాయణమ్మ మూల కూర్చుని, “ఇంకోపాలి, ఇంకోపాలి అన్నది నానేనే,” అని ముక్కు చీదింది. అత్త అలా అంటుంటే నీలవేణికి ఇంకా బరువెక్కింది. ఎన్నాళ్లుగానో వేయి కళ్లతో కాసిన చెయ్యి అది. దాన్ని పట్టుకుని ఆ రాయి మీద పెట్టింది తనే. మరొకరు నేర్పితే వాడికి అంత బాగా వచ్చేది కాదు.

జగన్నాధం పానా తీసుకుని చక్రం బిగింపులు విప్పడం మొదలుపెట్టాడు.

“ఒగ్గేయ్ రా,” అన్నాడు జోగయ్య.

“నా ఇంట్లో ఇదొద్దు.”

“నా సెయ్యి పోయింది నువ్వు దీన్ని పారేయడానికి కాదు. పైరు పండింది, ఊరోలు గోల్లతో గీకుతారేటి? ఆపడం నేర్పు దానికి. తిరగడం ఒకటే నేర్పేం.” ఆయన నీలవేణి వైపు తిరిగాడు. “ఏమ్మా, నువ్వు సెప్పు. నువ్వు తియ్యమంటే తీసేస్తాడు.”

వాకిట్లో కొడవళ్లు పట్టుకుని నిలబడ్డ వాళ్లందరూ ఆమెనే చూస్తున్నారు. ఆమెకి ఆ రాయిని ఎత్తి నూతిలో పడేయాలని ఉంది. ఎర్రబడ్డ తువ్వాలు చూసింది. ఆ ముసలాయన మళ్లీ పొద్దస్తమానం ఖాళీ చేతులతో నేల చూస్తూ కూర్చోవడం కళ్లముందు కదిలింది.

“ఆపే పట్టీ ఎట్టు మావా,” అంది. “రాయికి మూత సెయ్యి. ఆ రెండూ అయ్యేక గాని కాలెట్టొద్దు. ఆకు నాను కడతాను, రోజూ.”

మిల్లు తోలుపట్టీ చెక్క మీంచి ఊడదీసి, రాయి అంచుని పట్టుకునేలా మీట కట్టాడు జగన్నాధం. సీటు మీంచి దిగితే చాలు, పట్టీ రాయిని బిగిస్తుంది. చెక్క మూత కూడా చేశాడు. నేర్చిన దణ్ణం పిల్లవాడికి మరిపించడం మాత్రం ఎవరి తరమూ కాలేదు. రోలు కనబడినా, రుబ్బురాయి కనబడినా చెయ్యి చాపేవాడు. చివరికి నీలవేణి వాడి రెండు చేతులూ దగ్గరికి చేర్చి జోడించడం నేర్పింది. “జేజిని ముట్టుకోకూడదు నాన్నా. దూరం నించే,” అని. వేళ్లు వేళ్లకి ఆనుకుని ఉంటే ఆమెకి కాస్త నిమ్మళం.

జోగయ్య చెయ్యి మానలేదు. చీము పట్టింది, రాత్రిళ్లు జ్వరం. ఎవరో కబురు పెడితే దానమ్మ భావనపాడు నుంచి వచ్చి తండ్రిని తీసుకెళ్లింది. అక్కడ అల్లుడు పడవలకి మేకులు సాగగొడతాడు, వాళ్లింట్లో చోటుంది. బండి ఎక్కేటప్పుడు మూట ఎడమచేత్తో పట్టుకున్నాడు. కుడిచెయ్యి రొమ్ముకి ఆన్చుకుని, కూర్మనాథాన్ని చూసి, “ఒరే గుంటడా, నాకూ ఒక దన్నం ఎట్టరా,” అన్నాడు. వాడు చేతులు జోడించలేదు. పరుగెత్తి వచ్చి ఆయన మోకాలు తాకి కళ్లకద్దుకున్నాడు.

అప్పటినుంచీ సరైన కబురు లేదు. చేపల గంపలతో వచ్చే ఆడవాళ్లని నీలవేణి అడుగుతూనే ఉంది. “బాగున్నాడు,” అంటారు. వాళ్లు అందరి గురించీ అదే అంటారు. నూర్పులయ్యాక వెళ్లొస్తానంటాడు జగన్నాధం. ఈలోగా ఆమెకి కొడుకు వేళ్ల కన్నా ఆ ముసలి చెయ్యే ఎక్కువ గుర్తొస్తోంది.

అందుచేత, మీలో ఎవరికైనా భావనపాడు వైపు పని పడితే, సముద్రం ఒడ్డున పడవ మేకుల కొలిమి ఎక్కడని అడగండి. దానమ్మ తండ్రి జోగయ్య అంటే చూపిస్తారు. బాగున్నావా అని అడిగితే బాగున్నాననే అంటాడు, ఆ మాట పట్టుకుని వచ్చేయకండి. కాసేపు కూర్చోండి. ఏదో ఒకటి చేతికిచ్చి, ఏ చేత్తో అందుకుంటాడో చూడండి. కుడిచెయ్యి చాపితే అరచెయ్యి విప్పమనండి, మళ్లీ గుప్పెట బిగించమనండి. బిగుస్తుందో లేదో చూసి, ఏదైతే అది, ఉన్నదున్నట్టు నీలవేణికి చెప్పి పంపండి.